ఆరో ప్లగ్ పాయింటు

ఈశ్వరరావుకు అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది. ఉద్యోగం ఎప్పుడో పోయింది గాని, అనుమానం మాత్రం విమానమెక్కి ఆయనతోపాటు ఆక్లండ్‌లో దిగింది. వీధి చివర చిల్లరకొట్టును అక్కడివాళ్ళు డెయిరీ అంటారు. ఆ డెయిరీలో పాలు కొంటే కొట్లో ఒకసారి తేదీ చూసి, ఇంటికొచ్చాక మళ్ళీ చూసేవాడు. బస్సు డ్రైవరు ఇది న్యూ లిన్ వెళ్తుందని చెప్పినా, లోపల కూర్చున్న ముసలమ్మను కూడా అడిగి గాని సీట్లో కూలబడేవాడు కాదు. పక్కింటి తెల్లాయన "మంచి ఎండ కాసింది" అని పలకరిస్తే, లోపలికొచ్చి భార్యతో గొంతు తగ్గించి, "ఈయనకి మనతో ఏదో పనిబడ్డట్టుంది" అనేవాడు.

"పనేం లేదండీ. ఎండ కాసింది, చెప్పాడు. అంతే" అనేది అనంతలక్ష్మి.

ఆవిడ దగ్గర్లోని ఒక వృద్ధాశ్రమంలో పనిచేసేది. పొద్దుటి నుంచి మూడింటి దాకా ముసలివాళ్ళకు స్నానాలు చేయించి, అన్నాలు తినిపించి, సాయంత్రానికి ఈ నలభై ఏడేళ్ళ మనిషి అనుమానాలకు సమాధానాలు చెప్పేది. రెంటిలోనూ రెండోదే కష్టమని ఆవిడే స్నేహితురాళ్ళ దగ్గర అనేది.

పశ్చిమ గోదావరిలో ఈశ్వరరావు పదహారేళ్ళు కరెంటు ఇంజనీరుగా పనిచేశాడు. ఆయన జీపు దిగితే లైన్‌మన్లు బీడీలు పారేసేవాళ్ళు. 2001లో భార్యనూ కూతురు నిరుపమనూ తీసుకుని న్యూజిలాండ్ వచ్చాక తెలిసింది, ఆ దేశంలో ఆయన పరాయివాళ్ళ ఇంట్లో ఒక్క తీగ కూడా ముట్టుకోవడానికి వీల్లేదని. ఆ ఊరి లైసెన్సు కావాలి. లైసెన్సు కావాలంటే, లైసెన్సున్న మనిషి చేతికింద కొంతకాలం పనిచేసి చూపించాలి. ముప్ఫై రెండు చోట్ల అడిగాడు. ముప్ఫై రెండు చోట్లా మర్యాదగా నవ్వి, ఫోన్ చేస్తామన్నారు. ఒక్కరూ చెయ్యలేదు.

చివరికి రొట్టెల ఫ్యాక్టరీలో చేరాడు. తెల్లవారుజామున బెల్టు మీద వచ్చే రొట్టెల్ని ట్రేల్లో సర్దడం ఆయన పని. ఒకరోజు బెల్టు ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో ఈశ్వరరావుకు చప్పుడును బట్టే తెలిసిపోయింది. పక్కన మీట ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. ముట్టుకోకూడదు. రెండు గంటలు చేతులు కట్టుకుని నిలబడితే, పాతికేళ్ళ ఎలక్ట్రీషియన్ ఒకడు ఈల వేసుకుంటూ వచ్చి, అదే మీట పైకెత్తి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఈశ్వరరావు అన్నం తినలేదు. మనిషికి ఆకలి చచ్చేది ఇలాంటి చోటే.

అందుకే న్యూ లిన్‌లో ఇల్లు కొన్నప్పుడు అందరూ వంటగది చూశారు, ఈయన మాత్రం తిన్నగా కిందికి వెళ్ళాడు. అది వాలు మీద కట్టిన ఇల్లు. వీధిలోంచి చూస్తే ఒకటే అంతస్తు, వెనక నుంచి చూస్తే రెండు. ఆ కింది భాగం సిమెంటు దిమ్మెల గోడలతో, చెమ్మ వాసనతో ఉన్న ఖాళీ బేస్‌మెంట్. ఒక్క బల్బు వేలాడుతోంది. అంతకు మించి వైరింగే లేదు. ఈశ్వరరావు కళ్ళు చెమర్చాయి. అనంతలక్ష్మి అది చెమ్మ వల్ల అనుకుంది.

ఆ దేశంలో ఒక వెసులుబాటు ఉంది. తాను ఉంటున్న సొంత ఇంట్లో మనిషి వైరింగు తనే చేసుకోవచ్చు. కేబుళ్ళు లాగొచ్చు, పాయింట్లు బిగించొచ్చు. మెయిన్ బోర్డుకు మాత్రం తగిలించకూడదు. ఇన్‌స్పెక్టరు వచ్చి, అంతా పరీక్షించి, కాగితం రాసిచ్చి, ఆయనే తగిలించాలి. ఆ నిబంధనల పుస్తకాన్ని ఈశ్వరరావు నాలుగుసార్లు చదివాడు. మొదటిసారి సంతోషంతో, మిగతా మూడుసార్లు ఇందులో మనల్ని పట్టుకునే మెలిక ఎక్కడుందా అని.

నిరుపమ పదమూడేళ్ళది. దానికి కింద చదువుకునే గది, కంప్యూటరు, ఇంటర్నెట్టు కావాలి. ఈయనకు ఒక పనిబల్ల కావాలి. ఆరు ప్లగ్ పాయింట్లు, నాలుగు లైట్లు, మూడు డేటా పాయింట్లు అని కాగితం మీద గీసుకున్నాడు. కరెంటు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు గాని, ఆ డేటా కేబుల్ మాత్రం కొత్త. నీలం తొడుగులో ఎనిమిది సన్న తీగలు, రెండేసి మెలితిప్పి ఉంటాయి. దాన్ని నేర్పడానికి బోటనీ డౌన్స్ నుంచి రోహిత్ వచ్చాడు.

రోహిత్ తెలుగు సంఘంలో పరిచయమైన కుర్రాడు. కడప వైపు నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తున్నాడు. ఆదివారాల పూట నగరానికి ఆ చివర నుంచి ఈ చివరకు కారేసుకుని వచ్చేవాడు.

"కరెంటు కేబుల్ పక్కనే దీన్ని లాగొద్దు అంకుల్. దూరం పెట్టాల. లేకుంటే సిగ్నల్ పాడైతాది" అని చెప్పి, మెలికలు ఎక్కువ విప్పకుండా తీగలు ఎలా బిగించుకోవాలో చూపించాడు.

రెండో ఆదివారానికే ఈశ్వరరావు చెయ్యి రోహిత్ చెయ్యి కన్నా శుభ్రంగా పడింది. కేబుల్‌కు కొట్టే క్లిప్పులు ఒక్కోటీ స్కేలు పెట్టి కొలిచి కొట్టాడు. దూలాలకు తొలిచిన కన్నాలన్నీ ఒకే వరుసలో ఉండాలని దారం కట్టి గీత గీసుకున్నాడు. రొట్టెలు సర్దే చేతులు అయిదేళ్ళ తర్వాత తమ పని తాము చేస్తున్నాయి. ఆ వారాల్లో ఆయన పాటలు కూడా పాడుకున్నాడు. ఎవరైనా వింటున్నారేమోనని మధ్యలో ఆపి చూసుకుంటూ.

మూడో ఆదివారం రోహిత్ జేబులోంచి చిన్న కెమెరా తీసి వైరింగును ఫొటోలు తీశాడు. ఒకటి కాదు, పద్నాలుగు.

"ఎందుకు బాబూ ఇవన్నీ?"

"ఊరికే అంకుల్. బాగుంది కదా."

ఊరికే పద్నాలుగు ఫొటోలు తీసే మనిషి ఈశ్వరరావుకు ఇంతవరకూ తారసపడలేదు. ఆ రాత్రి మంచమ్మీద లెక్క వేసుకున్నాడు. వీడు ఇంత దూరం ఎందుకు వస్తున్నాడు? పెట్రోలు ఊరికే వస్తోందా? ఈ ఫొటోలు మున్సిపల్ కౌన్సిల్ వాళ్ళకు పంపి, ఒక ఇండియావాడు దొంగచాటుగా వైరింగు చేస్తున్నాడని చెప్తాడా? దొంగచాటు కాదే, చట్టప్రకారమే కదా! అయినా సరే, అనుమానానికి చట్టంతో పనేముంది?

దానికి తగ్గట్టు, బుధవారం పని నుంచి వచ్చి తలుపు తీసేసరికి అనంతలక్ష్మి ఫోన్లో మాట్లాడుతోంది. "ఆయనకి అప్పుడే చెప్పకు రోహిత్. తెలిస్తే ఒప్పుకోరు. ముందు అది అవనీ" అంటోంది. భర్తను చూడగానే "సరే మరి, ఉంటా" అని పెట్టేసింది.

"ఎవరు?"

"రోహిత్. ఊరికే."

మళ్ళీ ఊరికే! ఈశ్వరరావు కాళ్ళు కడుక్కునే దగ్గర అయిదు నిమిషాలు అలాగే నిలబడిపోయాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో భార్య తన దగ్గర దాచిన విషయం ఒక్కటీ లేదు. ఇన్నాళ్ళూ అలా అనుకున్నాడు. ఇప్పుడు దాని మీదా అనుమానం వచ్చింది.

పని పూర్తయ్యాక ఇన్‌స్పెక్టరును కుదిర్చింది కూడా రోహితే. పేరు ఫ్రెడ్రిక్. గ్లెన్ ఈడెన్‌లో ఉంటాడు, సొంతంగా నలుగురు పనివాళ్ళతో ఎలక్ట్రికల్ పనులు నడుపుతాడు, ఇన్‌స్పెక్టరు లైసెన్సు కూడా ఉంది. శనివారం పొద్దున పదింటికి వస్తాడు.

"ఆయనే ఎందుకు? ఊళ్ళో వేరే ఇన్‌స్పెక్టర్లు లేరా?"

"మంచాయన అంకుల్. మీకే తెలుస్తాది" అని నవ్వాడు రోహిత్. ఆ నవ్వు ఈశ్వరరావుకు అస్సలు నచ్చలేదు.

ఇక్కడ పార్వతి సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఆ శుక్రవారం సాయంత్రం ఈశ్వరరావు చేసిన పని పిచ్చిపనిలా కనిపిస్తుంది. చెప్పినా పిచ్చిపనే, కానీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక పల్లెలో కొత్త రైస్ మిల్లుకు కనెక్షన్ ఇవ్వాల్సి వచ్చింది. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి మిల్లు అరుగు మీద కూర్చుని, కొబ్బరినీళ్ళు తాగి, లోపలికి అడుగు పెట్టకుండానే అంతా సవ్యంగా ఉందని సంతకం పెట్టాడు. ఆ సంతకాన్ని నమ్మి ఈశ్వరరావు కరెంటు ఇచ్చాడు. నాలుగు నెలల తర్వాత, వానలప్పుడు, పార్వతి అనే కూలిమనిషి తడిచేత్తో మోటారు రేకును పట్టుకుంది. విడిపించేసరికి ప్రాణం లేదు. లీకైన కరెంటును నేలలోకి పంపే ఎర్త్ తీగ మోటారు దాకా వచ్చే ఉంది. బోల్టుకు బిగించలేదు, అంతే. జానెడు తీగ చుట్ట చుట్టుకుని పక్కన పడి ఉంది. పార్వతి కొడుకు నాలుగేళ్ళవాడు ఆ తీగనే చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు నుంచి ఈశ్వరరావు ఎవరి మాటా, ఎవరి సంతకమూ నమ్మలేదు.

అందుకని ఫ్రెడ్రిక్ విషయంలో రెండే దారులు కనిపించాయి. ఒకటి, మన రంగు చూసి, లేని తప్పులు వెతికి, పని పాడుచేస్తాడు. రెండోది, రోహిత్ స్నేహితుడు కాబట్టి ఏదీ చూడకుండా సంతకం పెట్టేస్తాడు. మొదటిది అవమానం. రెండోది అంతకన్నా ఘోరం. మూడో దారి, అంటే మనిషి వచ్చి తన పని తాను చేసుకుపోవడం, ఆయన ఊహకే అందలేదు.

శుక్రవారం సాయంత్రం భార్యా కూతురూ కూరగాయలకు వెళ్ళినప్పుడు బేస్‌మెంట్‌లోకి దిగాడు. ఆరో ప్లగ్ పాయింటు మూలన, ఆ మధ్య కిందికి దించిన పాత ఫ్రీజర్ వెనక ఉంది. వరుసలో చివరిది. దాని మూత విప్పి, ఎర్త్ తీగను స్క్రూ నుంచి వదులు చేసి బయటికి లాగి, కొసకు టేపు చుట్టి, లోపలికి తోసి, మూత బిగించేశాడు. చివరిది కాబట్టి మిగతా అయిదింటికీ ఏమీ కాదు. నిజంగా పరీక్షించేవాడైతే దొరుకుతుంది. దొంగ సంతకం పెట్టేవాడైతే దొరకదు, అప్పుడు వాడి మొహం మీదే మూత విప్పి చూపించొచ్చు. ఎటు చూసినా తనదే గెలుపు. చేతులు దులుపుకుని పైకొచ్చి ఆ పూట రెండు గరిటెలు అన్నం ఎక్కువే తిన్నాడు.

శనివారం ఫ్రెడ్రిక్ సరిగ్గా పదింటికి వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. జూన్ అక్కడ చలికాలం. ఆ చలిలో కూడా మోకాళ్ళ పైకి నిక్కరు, కింద ఉన్ని మేజోళ్ళు. గుమ్మం దగ్గర బూట్లు విప్పేశాడు. విప్పమని ఎవరూ చెప్పలేదు. మన ఇళ్ళ సంగతి ఎవరో ముందే చెప్పి పంపారన్నమాట అనుకున్నాడు ఈశ్వరరావు. ఆ పూట ఇంట్లో ఆయనొక్కడే ఉన్నాడు. అనంతలక్ష్మి పనికి, నిరుపమ నెట్‌బాల్ ఆటకు వెళ్ళారు.

"టీ తాగుతారా?" అన్నాడు. అది ఆయన మొదటి పరీక్ష.

"పనయ్యాక తాగుదాం ఈష్."

ఈష్! తల్లిదండ్రులు పెట్టిన అయిదక్షరాల్ని గుమ్మంలోనే కోసేశాడు. పైగా టీ తాగని ఇన్‌స్పెక్టరు. ఇదేదో ఘటంలా ఉందే అనుకుంటూ కిందికి తీసుకెళ్ళాడు.

ఫ్రెడ్రిక్ ముందు ఏమీ ముట్టుకోలేదు. టార్చి వేసి దూలాల వెంట కేబుళ్ళను మెల్లగా చూస్తూ నడిచాడు. క్లిప్పుల దగ్గర ఆగాడు. డేటా కేబుల్ కరెంటు కేబుల్‌ను అడ్డంగా దాటేచోట ఆగాడు. చిన్నగా ఈల వేశాడు. ఆ ఈలలో ఏముందో ఈశ్వరరావుకు అర్థం కాలేదు. తర్వాత పెట్టె తెరిచి, మెగ్గర్ అనే పరీక్ష మీటరు తీసి, పొడవాటి తీగ ఒకటి మెయిన్ ఎర్త్‌కు తగిలించి, దాని రెండో కొస పట్టుకుని ఒక్కొక్క పాయింటు దగ్గరికీ వెళ్ళాడు. ఒకటి. రెండు. కొలతలు కాగితం మీద రాసుకుంటున్నాడు. మూడు. నాలుగు. తొందర లేదు. అయిదు.

ఆరోదాని దగ్గరికి వచ్చాడు. ముందు ఫ్రీజర్ అడ్డంగా ఉంది. అందరూ ఆగిపోయే చోటు ఇదే. అయిదు బాగున్నాయి, ఆరోదీ బాగానే ఉంటుందిలే అనుకుని రాసేసే చోటు ఇదే.

ఫ్రెడ్రిక్ ఫ్రీజర్‌కు భుజం ఆనించి, "ఓ చెయ్యి వెయ్యి" అన్నాడు. ఇద్దరూ కలిసి పక్కకు జరిపారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని కొస తగిలించాడు. మీటరు చూశాడు. మళ్ళీ తగిలించాడు. మళ్ళీ చూశాడు. అప్పుడు స్క్రూడ్రైవర్ తీసి మూత విప్పి, టేపు చుట్టిన తీగను వేలితో బయటికి లాగాడు.

ఈశ్వరరావు గుండె సంతోషంతో పొంగిపోయింది. ఇరవై ఏళ్ళ తర్వాత నిజమైన ఇన్‌స్పెక్టరు దొరికాడు! వాటేసుకోవాలనిపించింది.

"ఇదెలా వదిలేశావు ఈష్?" అన్నాడు ఫ్రెడ్రిక్. గొంతులో కోపం లేదు. "మిగతాదంతా ఇంత బాగా చేసి?"

"వదిలెయ్యలేదు" అన్నాడు ఈశ్వరరావు నవ్వుతూ. "నేనే తీశాను, నిన్న సాయంత్రం. మీరు నిజంగా చూస్తారో, చూడకుండా సంతకం పెడతారో తెలుసుకుందామని."

మెచ్చుకుంటాడనుకున్నాడు. ఒక జాగ్రత్తపరుణ్ణి ఇంకో జాగ్రత్తపరుడు గుర్తుపట్టి భుజం తడతాడనుకున్నాడు. ఫ్రెడ్రిక్ మాత్రం మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయి, చేతిలో తీగ వంక చూశాడు. తర్వాత లేచి, తన సంచిలోంచి ఒక అట్ట ఫైలు తీసి ఫ్రీజర్ మీద పెట్టి తెరిచాడు.

అందులో పద్నాలుగు ఫొటోలు ఉన్నాయి. దూలాలూ, క్లిప్పులూ, దారం కట్టి గీసిన గీతా. వాటి కింద ఒక దరఖాస్తు కాగితం. పైన ఈశ్వరరావు పేరు పూర్తిగా, ఒక్క అక్షరం తప్పు లేకుండా రాసి ఉంది. ఫ్రెడ్రిక్ పర్యవేక్షణలో పనిచేసే మనిషిగా ఆయన్ని చేర్చుకునే కాగితం. యజమాని సంతకం చెయ్యాల్సిన చోట ఇంకా ఖాళీ.

"రోహిత్ మా ఆఫీసు కంప్యూటర్లు చూస్తాడు" అన్నాడు ఫ్రెడ్రిక్. "మూడు నెలల నుంచి నీ గురించి నన్ను వేధిస్తున్నాడు. ఈ ఫొటోలు చూశాక సరే, నా కళ్ళతో చూసి చెప్తానన్నాను. నీకు ముందే చెప్దామంటే మీ ఆవిడ వద్దందట, నువ్వు ఇందులో ఏదో మోసం ఉందనుకుని ఒప్పుకోవని. నేనివాళ రెండు పనుల మీద వచ్చాను ఈష్."

బేస్‌మెంట్‌లో చెమ్మ వాసన ఒక్కసారిగా గొంతులోకి వచ్చినట్టయింది ఈశ్వరరావుకు. తెలిసిన కథ ఒక్కటే ఉంది, అది చెప్పాడు. రైస్ మిల్లు, అరుగు మీద సంతకం, తడిచెయ్యి, చుట్ట చుట్టుకున్న జానెడు తీగ. ఇంగ్లీషులో తడబడుతూ చెప్పాడు. అంతా విన్నాక ఈయనకు అర్థమవుతుందిలే అనుకున్నాడు.

ఫ్రెడ్రిక్ చివరిదాకా విన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"అంత తెలిసీ, నీ కూతురు తిరిగే గదిలో అదే తీగ తీశావా?"

ఈశ్వరరావు ఫ్రీజర్ వంక చూశాడు.

"నేను చూసుకోకుండా కరెంటు ఇచ్చేసి వెళ్ళాననుకో. నీకు ఫోనొచ్చి పైకి వెళ్ళావు. ఆ పిల్ల బయటి నుంచి వచ్చి, తడిచేత్తో ఈ ఫ్రీజర్ తలుపు తీసింది. అది పాత ఫ్రీజర్."

"నేను వెంటనే బిగించేసేవాణ్ణి..."

"మర్చిపోయేవాడికి నేను నేర్పగలను. నా దగ్గర ఇద్దరున్నారు అలాంటివాళ్ళు. కానీ తెలిసి తీసేవాణ్ణి ముక్కూమొహం తెలియని వాళ్ళ ఇళ్ళకు నా పేరు మీద ఎలా పంపను?" ఫైలు మూశాడు. అది సంచిలోకి వెళ్ళిపోతుంటే ఈశ్వరరావు చూస్తూ నిలబడ్డాడు. బెల్టు ఆగిపోయిన రోజున నిలబడ్డట్టే, చేతులు కట్టుకుని.

"ఇప్పుడు బిగించు. నేను చూస్తాను" అని స్క్రూడ్రైవర్ చేతికిచ్చాడు ఫ్రెడ్రిక్.

బిగించాడు. పదహారేళ్ళు పనిచేసిన చెయ్యి స్క్రూ గాడిని రెండుసార్లు తప్పింది. ఫ్రెడ్రిక్ మళ్ళీ కొలిచి, అంకె రాసుకుని, మెయిన్ బోర్డుకు తగిలించి, కాగితం రాసిచ్చాడు. నాలుగు లైట్లూ ఒక్కసారి వెలిగాయి. గోడలు తెల్లగా, కేబుళ్ళు తిన్నగా, అంతా ఎంతో అందంగా ఉంది. ఫ్రెడ్రిక్ టీ తాగకుండానే బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు.

మూడున్నరకు అనంతలక్ష్మి వచ్చింది. యూనిఫారం మార్చుకోకుండానే వంటగదిలోకి వెళ్ళి పొయ్యి మీద గిన్నె పెట్టింది. పూర్ణాలకు పప్పు పొద్దున్నే నానబోసి వెళ్ళింది. ఈశ్వరరావు దాన్ని ఇప్పుడే చూశాడు.

"ఏవండీ, కాగితం ఇచ్చాడా?"

"ఇచ్చాడు."

"ఇంకేమైనా అన్నాడా?" అంది అటు తిరిగే. ఆ గొంతులో ఆశ దాచినా దాగడం లేదు. ఇన్ని రోజులూ ఈ గొంతునే తాను అనుమానించాడు.

ఇలాంటప్పుడు ఈశ్వరరావు ఏమంటాడో ఇల్లంతటికీ తెలుసు. వాళ్ళంతా ఒకటే, మనల్ని రానివ్వరు, నే ముందే చెప్పానుగా అంటాడు. ఆ మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. కుర్చీలో కూర్చుని, శుక్రవారం సాయంత్రం నుంచి జరిగిందంతా ఒక్కటీ దాచకుండా చెప్పాడు.

అనంతలక్ష్మి పొయ్యి ఆర్పేసింది. ఇటు తిరిగాక కూడా ఉద్యోగం ఊసెత్తలేదు.

"నిరుపమ పొద్దున ఆటకి వెళ్ళే ముందు షూస్ కోసం కిందికెళ్ళింది" అంది. "మీకు తెలుసా?"

"అప్పటికి కరెంటు లేదు లక్ష్మీ."

"లేదని మీకు తెలుసు. ఫ్రెడ్రిక్‌కి తెలుసు. దానికేం తెలుసండీ?" కళ్ళు తుడుచుకుంది. "ఆ రోహిత్ మొహం ఎలా చూస్తాం? తన పేరు పెట్టి పూచీ ఇచ్చాడు మీ గురించి. తన పేరు పెట్టి."

ఈశ్వరరావు లేచి కిందికి వెళ్ళాడు. మెయిన్ ఆపాడు. ఫ్రీజర్ ఒక్కడే జరుపుకుని, ఆరో పాయింటు మూత విప్పి, స్క్రూ బిగువుగా ఉందో లేదో చూశాడు. తర్వాత అయిదోది విప్పాడు. నాలుగోది, మూడోది, రెండోది, మొదటిదీ విప్పి చూశాడు. తాను చేసిన పనిని తాను ఇలా చూడటం ఆయనకు ఇదే మొదటిసారి. ఇన్నేళ్ళూ ఊళ్ళో వాళ్ళందరినీ అనుమానించాడు గాని, ఈ రెండు చేతుల్ని మాత్రం ఎన్నడూ అనుమానించలేదు.

మెయిన్ వేసి పైకొచ్చి ఫోన్ అందుకున్నాడు. అవతల మొదటి మోతకే ఎత్తారు.

"అంకుల్! ఫ్రెడ్రిక్ వచ్చినాడా? చెప్పినాడా?" రోహిత్ గొంతు గంతులేస్తోంది. ఫ్రెడ్రిక్ ఇంకా ఇతనికి చెప్పలేదన్నమాట.

"వచ్చాడు బాబూ" అన్నాడు ఈశ్వరరావు. "ఆయన చెప్పకముందే నీకు నేను చెప్పాల్సింది ఒకటుంది. తప్పు ఆయనది కాదు, నీది అసలే కాదు. కాస్త కూర్చుని విను."